ఆశ్రయ సంస్థలు – అనుమతి చట్టాలు: కొండ దిగువ నుంచి ఒక చారిత్రక పరిశీలన (శృంగవరపుకోట ప్రాంతం నేపథ్యంగా)

వ్యాససంగ్రహం

అనాథ బాలలకు, ఒంటరి స్త్రీలకు, నిరాశ్రయులకు చోటిచ్చే సంస్థలను ప్రభుత్వం ఏ షరతుల మీద నడవనిచ్చింది, వాటిని ఎవరిచేత తనిఖీ చేయించింది అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. 1817 నాటి మద్రాసు రెగ్యులేషన్ మొదలుకొని 2015 నాటి బాల న్యాయ చట్టం వరకు వచ్చిన ముఖ్య శాసనాలను ఇది రాజధాని నుంచి కాక, శృంగవరపుకోట వంటి కొండ దిగువ పట్టణం వైపు నుంచి చదువుతుంది. ఈ చట్టాలు సంస్థకున్న పేరును బట్టి తమ పరిధిని గీసుకున్నాయనీ, గిరిజన బాలలు చదువు కోసం దిగివచ్చి ఉండే ‘హాస్టలు’ చాలాకాలం ఆ గీతకు అవతల ఉండిపోయిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆశ్రయ సంస్థలు, లైసెన్సు, గుర్తింపు పత్రం, హాస్టలు, బాల న్యాయ చట్టం, ఉత్తరాంధ్ర, శృంగవరపుకోట.

1. ఉపోద్ఘాతం

శృంగవరపుకోట విజయనగరానికి పడమరగా, తూర్పు కనుమల పాదంలో ఉన్న పట్టణం. వాడుకలో ‘ఎస్.కోట’. మైదానం నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్ రోడ్డుకు ఇది ముఖద్వారం. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా ఈ ఊరి స్టేషను దాటి బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి మీదుగా కొండ ఎక్కుతుంది. కొండ మీది పంట దిగేదీ, మైదానపు సరుకు ఎక్కేదీ ఈ దారినే. చదువు కోసం పిల్లలు దిగేదీ ఈ దారినే.

ఈ పట్టణం రెండు పాలనా విధానాల సరిహద్దు కూడా. 1839 నాటి గంజాం, విశాఖపట్టణం చట్టం (24వ చట్టం) కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా చేసి ఆయన చేతికి అప్పగించింది. ‘ఏజెన్సీ’ అన్న మాట అక్కడినుంచి వచ్చిందే. స్వాతంత్ర్యానంతరం ఆ ప్రాంతం రాజ్యాంగపు ఐదో షెడ్యూలు కిందికి వచ్చింది. ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టిన కొద్ది మైళ్లలోనే ఒక చట్టప్రపంచం ముగిసి మరొకటి మొదలవుతుంది. భూమి విషయంలో ఈ సరిహద్దు గురించి విస్తృతమైన చర్చ జరిగింది. అదే సరిహద్దును దాటి కిందికి వచ్చే బిడ్డ ఏ చట్టం నీడలో పడుకుంటుందన్న ప్రశ్నకు అంతటి చర్చ దక్కలేదు.

తెలుగునాట తల్లిదండ్రులు ‘పిల్లను హాస్టల్లో వేశాం’ అంటారు. ‘అనాథాశ్రమంలో చేర్చాం’ అని అనరు. ఒకే కప్పు కింద, ఒకే వంటశాలలో, ఒకే వార్డెను చేతికింద ఉన్న పిల్లల్లో కొందరికి తల్లిదండ్రులుంటారు, కొందరికి ఒక్కరే ఉంటారు, కొందరికి ఎవరూ ఉండరు. జనవ్యవహారంలో ఆ ఇల్లు హాస్టలే. చట్టానికి మాత్రం అది ‘గృహమా’, ‘హాస్టలా’ అన్నది తేలవలసిన ప్రశ్న. ఆ ఇంటికి అనుమతి కావాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడుతుంది.

2. సత్రానికి పైఅధికారి

దక్షిణ భారతంలో సేవాసంస్థల మీద రాజ్యం తనకు పర్యవేక్షణాధికారం ఉందని లిఖితపూర్వకంగా చెప్పుకున్న తొలి ముఖ్య శాసనం 1817 నాటి మద్రాసు 7వ రెగ్యులేషన్. మసీదులు, దేవాలయాలు, విద్యాలయాలు, ఇతర ప్రజాప్రయోజనాల కోసం ఇచ్చిన భూముల ఆదాయం దుర్వినియోగం కాకుండా చూడటం, వంతెనలు, సత్రాలు, చావళ్ల వంటి ప్రజోపయోగ కట్టడాలను నిలబెట్టడం దాని ఉద్దేశాలు. ఈ పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించారు. జిల్లాలో కలెక్టరే స్థానిక ఏజెంటు.

ఈ శాసనానికి భూమి, దాని రాబడి, కట్టడం కనిపించాయి. సత్రంలో తిన్నవాడు, పడుకున్నవాడు, అక్కడ పనిచేసిన వంటమనిషి కనిపించలేదు. బోర్డు అడిగిన లెక్కలు మాన్యం ఎంత, శిస్తు ఎంత, మరమ్మతు ఖర్చు ఎంత అన్నవే. ధర్మకర్త సత్రం నడపడానికి ముందుగా అనుమతి తెచ్చుకోవలసిన పని లేదు. దానం చేయడానికి లైసెన్సు ఏమిటన్నది ఆనాటి భావన. ఆస్తి ఉంటే దానికి కాపలా, అంతే. ఉత్తర సర్కారులలో 1802 శాశ్వత శిస్తు ఒప్పందం తరువాత జమీందారే పెద్ద దాత కనుక, ఈ కాపలా కూడా చాలావరకు దివాణం వాకిట ఆగిపోయే స్వభావం కలది.

1863లో 20వ చట్టం మతసంస్థల నిర్వహణ నుంచి ప్రభుత్వాన్ని తప్పించింది. 1871 లోకల్ ఫండ్స్ చట్టం, 1884 స్థానిక బోర్డుల చట్టం తరువాత సత్రాలు, రోడ్లు, ఆసుపత్రుల బాధ్యతలో పెద్ద భాగం స్థానిక బోర్డులకు మళ్లింది. సత్రాల వారసత్వం తరువాతి కాలంలో దేవాదాయ ధర్మాదాయ చట్టాల కిందికి పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి చట్టం, దాని స్థానంలో వచ్చిన 1987 నాటి 30వ చట్టం ఆ కోవలోవే. ఆ శాఖ కథ వేరు. ఇక్కడ గమనించవలసిందల్లా, ఆస్తిని చూసే కన్ను ముందు తెరుచుకుందనీ, మనిషిని చూసే కన్ను తెరుచుకోవడానికి నూరేళ్లకు పైగా పట్టిందనీ.

3. కరువు బిడ్డలు, సర్టిఫైడ్ స్కూళ్లు

ఈ నూరేళ్లలో అనాథ బిడ్డ చట్టంలో కనిపించలేదని కాదు. 1850 నాటి అప్రెంటిసుల చట్టం (19వ చట్టం) అనాథలను, ధర్మసంస్థల్లో పెరిగే బీద పిల్లలను వృత్తి నేర్చుకోవడానికి యజమానుల వద్ద ఒప్పందంపై పెట్టే వీలు కల్పించింది. బిడ్డ చేతికి పని దొరకడమే రక్షణ అన్నది దాని తర్కం.

1866 కరువు ఒరిస్సాను, పొరుగున గంజాంను కుదిపేసినప్పుడు తల్లిదండ్రులు లేని పిల్లలు ఒక్కసారిగా ప్రభుత్వపు చేతిలో పడ్డారు. వారిలో చాలామందిని మిషనరీ అనాథాశ్రమాలకు అప్పగించి, పోషణ నిమిత్తం తలకింత అని సొమ్ము చెల్లించారు. తరువాతి కరువు నియమావళులు అనాథల అప్పగింతకు పద్ధతులు ఏర్పరచాయి. సంస్థకు ప్రభుత్వం సొమ్ము ఇచ్చేది, పిల్లల్ని ఇచ్చేది. ఆ సంస్థ నడవడానికి మాత్రం ముందస్తు అనుమతి అనే నియమం లేదు. సొమ్ముతో మొదలై చాలాకాలం తరువాత చట్టంతో ముగిసే ఈ వరుస ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ కనిపిస్తుంది.

1920 నాటి మద్రాసు బాలల చట్టం (4వ చట్టం) భారతదేశంలోనే ఆ కోవలో తొలి ప్రాంతీయ శాసనం. బెంగాల్ 1922లోనూ, బొంబాయి 1924లోనూ ఆ బాట పట్టాయి. నేరం చేసిన బాలలతో పాటు నిరాశ్రయ బాలలు కూడా దీని పరిధిలోకి వచ్చారు. ప్రభుత్వం ధ్రువీకరించిన ‘సర్టిఫైడ్ స్కూళ్ల’కు వారిని పంపే ఏర్పాటు జరిగింది. సంస్థకు ధ్రువీకరణ అన్న ఆలోచన ఇక్కడ స్పష్టమైన రూపు దాల్చింది. అయితే ఆ ధ్రువీకరణ కోర్టు పంపే పిల్లల్ని తీసుకోదలచిన సంస్థకే అవసరం. తల్లిదండ్రులే తెచ్చి వదిలిన బిడ్డను చేర్చుకునే బోర్డింగుకు దానితో పని లేదు. ఈ చట్టమే ఆంధ్ర రాష్ట్రానికి, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌కు సంక్రమించి, పేరులో ‘ఆంధ్ర ప్రాంతం’ అన్న విశేషణంతో 1986 కేంద్ర చట్టం వచ్చేదాకా కొనసాగింది.

4. ఇద్దరు సభ్యులు, రెండు బిల్లులు

లైసెన్సు అన్న మాటను నేరుగా ఆశ్రయ సంస్థకు తగిలించిన కేంద్ర చట్టం 1956లో వచ్చింది. ఆ యేడు డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టాల్లో 104వది స్త్రీలు, బాలికల అసాంఘిక వ్యాపార నిరోధక చట్టం. దాని వెన్నంటే ఉన్న 105వది మహిళా, శిశు సంస్థల (లైసెన్సింగ్) చట్టం. ఈ సంఖ్యల వరుసే ఆ కాలపు భయాన్ని చెబుతుంది. ఆశ్రమం అన్న బోర్డు కింద ఆడపిల్లల వ్యాపారం జరుగుతోందన్న అనుమానం లైసెన్సు ఆలోచనకు ప్రేరణ. ఆకలి, రోగం, దెబ్బలు, చదువు లేకపోవడం వంటి నిత్యజీవితపు హింస ఆ భయంలో వెనక వరుసలో ఉంది.

దీనికి నేపథ్యంగా మరొక పరిణామం ఉంది. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ దాని తొలి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇవ్వడం ఆ బోర్డు ప్రధానమైన పని. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ ధర్మాల ఆధారం సడలుతున్న ఉత్తరాంధ్రలో, దివాణం స్థానంలోకి గ్రాంటు రావడం చిన్న మార్పు కాదు. దాత మారాడు. అడిగే తీరు మారింది. అర్జీతో పాటు లెక్కల పుస్తకం చూపవలసి వచ్చింది.

ఇక్కడ చరిత్రకారులు ఆగి చూడవలసిన విశేషం మరొకటి ఉంది. 1956 చట్టం ప్రభుత్వం తెచ్చిన బిల్లు కాదు. టెహ్రీ గఢ్వాల్ రాజమాత కమలేందుమతి షా లోక్‌సభలో ప్రవేశపెట్టిన అనధికార సభ్యుల బిల్లు. నాలుగేళ్ల తరువాత వచ్చిన అనాథాశ్రమాలు, ఇతర ధార్మిక గృహాల (పర్యవేక్షణ, నియంత్రణ) చట్టం, 1960 కూడా అటువంటిదే. దాన్ని తెచ్చినవారు రాజ్యసభ సభ్యులు కైలాస్ బిహారీ లాల్. భారత పార్లమెంటు చరిత్రలో చట్టాలైన అనధికార సభ్యుల బిల్లులు 14. అందులో రెండు ఈ ఒక్క విషయం మీదే కావడం యాదృచ్ఛికమని తోసిపుచ్చదగింది కాదు. సంక్షేమానికి సొమ్ము కేటాయించడం ప్రభుత్వపు ప్రణాళికలో భాగమైంది. ఆ సొమ్ము చేరిన ఇంటిని నియంత్రించాలన్న చొరవ మాత్రం ఒక్కొక్క సభ్యుని మనస్సాక్షికి విడిచిపెట్టినట్టయింది. చొరవ చూపని యంత్రాంగం చేతికే అమలు బాధ్యత వెళ్లింది.

1960 చట్టం నిర్మాణం తన కాలానికి మంచిదే. గుర్తింపు పత్రం లేకుండా ఎవరూ గృహం నడపరాదు. ప్రతి రాష్ట్రంలో ఒక నియంత్రణ బోర్డు ఉండాలి. అందులో శాసనసభ్యులు, గృహాల నిర్వాహక సంఘాల ప్రతినిధులు, సంక్షేమ శాఖాధికారి, స్త్రీలు ఉండాలి. గృహాన్ని నడిపేవారికీ నియంత్రించేవారికీ ఒకే బల్ల దగ్గర చోటిచ్చిన ఈ ఏర్పాటు ఆనాటి ప్రజాస్వామిక ఆశకు గుర్తు. తనను తనిఖీ చేసే బోర్డులో తానే సభ్యుడైన నిర్వాహకుడు ఎంత నిష్పక్షపాతంగా ఉండగలడన్నది ఆ ఆశ తనను తాను వేసుకోని ప్రశ్న. చట్టం ఏ రాష్ట్రంలో ఏనాటి నుంచి అమలులోకి రావాలో నిర్ణయించే అధికారాన్ని ఆ రాష్ట్ర ప్రభుత్వానికే వదిలారు. బోర్డు రాష్ట్రస్థాయిలో ఉంటుంది. తాలూకా స్థాయిలో దానికంటూ ప్రత్యేకమైన అంగం లేదు.

5. ‘మరే పేరుతోనైనా’

1960 చట్టంలో ‘గృహం’ నిర్వచనం విశాలంగా ఉంటుంది. అనాథాశ్రమమన్నా, నిర్లక్ష్యానికి గురైన స్త్రీల, పిల్లల గృహమన్నా, వితంతు గృహమన్నా, మరే పేరుతో పిలిచినా, స్త్రీలను, పిల్లలను చేర్చుకొని సంరక్షించే సంస్థ ఏదైనా గృహమే. పేరు మార్చి తప్పించుకునే దారిని మూయడానికే ‘మరే పేరుతోనైనా’ అన్న మాటలు పెట్టారు. కానీ వెనువెంటనే వచ్చే 3వ సెక్షను మూడు రకాల సంస్థలను మినహాయించింది. అందులో మొదటిది, విద్యాసంస్థకు అనుబంధంగా ఉన్న, లేదా దాని నియంత్రణలో ఉన్న, లేదా దాని గుర్తింపు పొందిన హాస్టలు లేక బోర్డింగు.

నిర్వచనం మూసిన తలుపును మినహాయింపు తెరిచింది. ఈ మినహాయింపును దురుద్దేశంగా చూడనక్కరలేదు. కళాశాల విద్యార్థుల వసతిగృహాన్ని అనాథాశ్రమంతో సమానంగా చూడటం అసంగతమని శాసనకర్తలు భావించడం సహజం. నగరపు కళాశాల హాస్టలుకు ఆ తర్కం సరిపోతుంది. కొండ దిగువ పట్టణంలో దాని ఫలితం వేరు. ఐదారేళ్ల గిరిజన బిడ్డ ఊరి బడిలో పేరు నమోదు చేసుకొని, పక్క వీధిలోని ప్రైవేటు ఇంట్లో పది నెలలు గడిపితే, ఆ ఇంటిని విద్యార్థుల బోర్డింగు అని చెప్పుకోవడానికి నిర్వాహకునికి ఒక వాదం దొరికినట్టే. బిడ్డకు తల్లిదండ్రులున్నారు కనుక అనాథ కాదు. బడికి పోతోంది కనుక విద్యార్థి. సంరక్షణ, భోజనం, నిద్ర, జ్వరమొస్తే మందు అన్నీ ఆ ఇంటివే అయినా, ఆ ఇల్లు ‘గృహం’ కాదన్న వాదం నిలబడటానికి అవకాశం ఉంది.

ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లు, ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలలు ఈ చర్చకు కొంత పక్కగా ఉంటాయి. వాటికి శాఖాపరమైన అజమాయిషీ ఉంది. వార్డెనుకు పైఅధికారి ఉన్నాడు. అది ఎంత సమర్థంగా ఉందన్నది మరో పరిశోధనకు విషయం. ఈ వ్యాసం దృష్టి పెట్టేది ప్రభుత్వం నడపని, ప్రభుత్వానికి చెప్పని ఇంటి మీద.

6. బోర్డు మీది నంబరు

ఇటువంటి ఇంటి ముందు బోర్డు మీద సాధారణంగా ఒక నంబరు కనిపిస్తుంది. ‘రి.నం.’ అని ఉండి, దాని పక్కన అంకెలు, సంవత్సరం ఉంటాయి. పిల్లను తెచ్చిన తండ్రికి అది సర్కారు ముద్ర. నిజానికి అది సంఘాల రిజిస్ట్రేషను నంబరు కావచ్చు. మొదట 1860 కేంద్ర చట్టం కింద, తరువాత ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కొందరు కలిసి ఒక నియమావళి రాసుకొని రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించుకుంటే వచ్చేది. ట్రస్టయితే దస్తావేజు నమోదు. ఒక చట్టబద్ధమైన సంఘం ఉనికిలో ఉందని మాత్రమే అది చెబుతుంది. పిల్లల్ని ఇంట్లో ఉంచుకోవడానికి ఆ సంఘానికి అర్హత ఉందని చెప్పదు. నాటక సమాజానికీ, యువజన సంఘానికీ, పిల్లల హాస్టలుకూ ఒకే రకమైన నంబరు వస్తుంది.

విదేశీ విరాళాలు తీసుకునే సంస్థయితే మరో నంబరు చేరుతుంది. విదేశీ విరాళాల నియంత్రణకు 1976లో ఒక చట్టం, దాని స్థానంలో 2010లో మరొకటి వచ్చాయి. ఆ ఖాతా లెక్కలు ఢిల్లీకి వెళతాయి. ఎన్ని డాలర్లు వచ్చాయో కేంద్ర హోం శాఖకు తెలిసే ఏర్పాటు ఉంది. ఆ డాలర్లతో ఎందరు పిల్లలకు అన్నం పెట్టారో మండల కేంద్రంలో ఎవరికీ తెలియకపోవచ్చు. 1817లో మాన్యం శిస్తు చూసిన కన్ను ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

7. లైసెన్సే ముసుగైనప్పుడు

లైసెన్సు లేకపోవడమే సమస్య అనుకుంటే, దత్తత చరిత్ర ఆ అభిప్రాయాన్ని సవరిస్తుంది. 1984 ఫిబ్రవరి 6న లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు మార్గదర్శకాలు ఇచ్చింది. గుర్తింపు పొందిన సంస్థల ద్వారానే ఆ దత్తతలు సాగాలన్నది వాటి సారాంశం. 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లోనూ, 2001లోనూ బయటపడిన ఉదంతాల్లో, తెలంగాణ తండాల నుంచి లంబాడా ఆడశిశువులను దళారుల ద్వారా సేకరించారన్న ఆరోపణలు లైసెన్సు ఉన్న సంస్థల మీదే వచ్చాయి. సంస్థకు పత్రం ఉంది. బిడ్డను స్వచ్ఛందంగా వదులుకున్నట్టు తల్లి వేలిముద్ర ఉంది. కాగితం మీద లోపం లేదు. 2001 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం వంటి కారణాలతో కన్నవారు బిడ్డను వదులుకోవడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉదంతాల మీద గీతా రామస్వామి, భంగ్యా భూక్యా చేసిన పరిశోధన తెలుగు ప్రాంతంలో ఈ విషయానికి మూలాధారం వంటిది.

ఇదే పాఠం 2018లో బీహారులోని ముజఫర్‌పుర్‌లో మరింత ఘోరంగా ఎదురైంది. అక్కడి బాలికల గృహం ప్రభుత్వ నిధులతో నడిచేది. అందులోని అత్యాచారాలను వెలికితీసింది రోజువారీ తనిఖీ కాదు, బయటి సంస్థ చేసిన సామాజిక తనిఖీ. పత్రం ఇవ్వడం, చూసి రావడం వేర్వేరు పనులు. మొదటిది జరిగితే రెండోదీ జరిగిందని అధికారులు అనుకోవడం ఈ చరిత్ర పొడవునా కనిపించే అలవాటు.

8. నమోదు తప్పనిసరి

1986 బాల న్యాయ చట్టం రాష్ట్రాల బాలల చట్టాలకు బదులుగా వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2000 చట్టం 2001 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బాలుడికైనా బాలికకైనా వయఃపరిమితి 18 ఏళ్లని స్థిరపరిచింది. అసలైన మలుపు 2006 సవరణ. సంరక్షణ అవసరమైన పిల్లల కోసం నడిచే సంస్థలన్నీ, ప్రభుత్వానివైనా స్వచ్ఛంద సంస్థలవైనా, ఆరు నెలల్లో నమోదు కావాలని అది శాసించింది. 2016 జనవరి 15న అమలులోకి వచ్చిన 2015 చట్టం 41వ సెక్షనులో దీన్నే మరింత బిగించింది. అటువంటి పిల్లలకు ‘పూర్తిగా గానీ పాక్షికంగా గానీ’ వసతి కల్పించే సంస్థలన్నీ, గ్రాంటు తీసుకున్నా తీసుకోకపోయినా, నమోదు కావాలి. నమోదు గడువు ఐదేళ్లు. కాకపోతే 42వ సెక్షను కింద ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు చేయడంలో ప్రతి 30 రోజుల జాప్యమూ వేరే నేరం.

‘పాక్షికంగా’ అన్న ఒక్క మాటలో 1960 మినహాయింపుకు జవాబుంది. యాభై మంది విద్యార్థులున్న ఇంట్లో సంరక్షణ అవసరమైన పిల్లలు ఐదుగురున్నా ఆ ఇల్లు చట్టం కిందికి రావాలి. అయినా ఒక ముడి మిగిలింది. ‘సంరక్షణ, రక్షణ అవసరమైన’ బిడ్డ ఎవరన్నది 2(14) సెక్షను నిర్వచిస్తుంది. తల్లిదండ్రులుండి, చదువు కోసం వచ్చిన గిరిజన బిడ్డ ఆ జాబితాలో నేరుగా కనిపించదు. తమిళనాడు అనాథాశ్రమాల్లో బాలల దోపిడీ గురించి 2007లో మొదలైన కేసులో 2017 మే 5న తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, ఈ నిర్వచనం ఉదాహరణప్రాయమే గాని సంపూర్ణం కాదనీ, విశాలంగా అర్థం చేసుకోవాలనీ పేర్కొంది. ఆ ఏడాది చివరికల్లా సంస్థలన్నిటి నమోదు ముగించాలని కూడా ఆదేశించింది.

2018లో వెలువడిన కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ నివేదిక దేశంలో 9,589 సంస్థలను లెక్కించింది. లెక్కకు దొరికిన సంస్థల్లో చట్టం కింద నమోదైనవి మూడో వంతుకు లోపే. తనను హాస్టలుగా భావించుకున్న ఇల్లు ఈ లెక్కలోకి ఎంతవరకు వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

9. జిల్లా గీత, కొండ గీత

1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు శృంగవరపుకోట విశాఖపట్నం జిల్లా నుంచి దానిలోకి మారింది. ఎదురుగా ఉన్న అనంతగిరి, అరకు విశాఖ జిల్లాలోనే ఉండిపోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్వ్యవస్థీకరణలో అనంతగిరి, అరకు మండలాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. లోక్‌సభకు వస్తే శృంగవరపుకోట శాసనసభ నియోజకవర్గం నేటికీ విశాఖపట్నం స్థానంలో భాగం. రోడ్డు మీద అనంతగిరికి పాడేరు కంటే శృంగవరపుకోటే దగ్గర.

బాల న్యాయ వ్యవస్థ జిల్లా పరిధిగా అల్లుకున్నది. బాలల సంక్షేమ సమితి, జిల్లా బాలల రక్షణ విభాగం, 2021 సవరణ తరువాత మరింత అధికారం పొందిన జిల్లా మెజిస్ట్రేటు, అన్నీ జిల్లా కేంద్రంలోనే. అనంతగిరి కొండ మీది బిడ్డ శృంగవరపుకోటలో ఉంటే, ఆమె ఇల్లు ఒక జిల్లా పత్రాల్లో, ఆమె మంచం మరో జిల్లా పరిధిలో ఉంటాయి. బిడ్డ బడి మానేసిందని పై జిల్లా ఉపాధ్యాయునికి అనిపించవచ్చు. కింది జిల్లాకు ఆ బిడ్డ వచ్చినట్టే తెలియకపోవచ్చు. ఇంటి నుంచి దూరంగా జిల్లా మారి ఉండే బిడ్డ విషయంలో ఇద్దరు కలెక్టర్లు మాట్లాడుకోవలసిన సందర్భాన్ని 1839 చట్టం సృష్టించలేదు. అప్పుడు కొండకూ మైదానానికీ కలెక్టరు ఒక్కడే.

ఈ సమస్య ఊహాజనితం కాదనడానికి, శృంగవరపుకోటకు దక్షిణంగా, అవే కనుమల పాదాన అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో 2024 ఆగస్టులో జరిగినది సాక్ష్యం. అక్కడ ఒక ప్రైవేటు ఆశ్రయ గృహంలో కలుషితాహారం తిన్న పిల్లల్లో కనీసం ముగ్గురు చిన్నారులు మరణించారు. వారు అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల నుంచి వచ్చిన గిరిజన బాలలు. ఆ గృహానికి అనుమతులు లేవన్న సంగతి మరణాల తరువాత వెలుగులోకి వచ్చింది. మరునాటి పత్రికల్లో ఆ ఇంటిని కొన్ని చోట్ల ‘హాస్టల్’ అనీ, కొన్ని చోట్ల ‘అనాథాశ్రమం’ అనీ రాశారు. 1960 చట్టపు 3వ సెక్షను గురించి ఆ విలేకరులకు తెలియనవసరం లేదు. కానీ ఆ చట్టం విడదీసిన రెండు పేర్లూ ఒకే ఇంటికి అంటుకున్నాయి.

2015 చట్టంలో తనిఖీకి సంబంధించిన 54వ సెక్షను వాక్యనిర్మాణాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. ఈ చట్టం కింద నమోదైన, లేదా తగినవిగా గుర్తించిన సంస్థల కోసం రాష్ట్ర ప్రభుత్వం తనిఖీ సంఘాలను నియమించాలని మొదటి ఉపసెక్షను అంటుంది. రెండో ఉపసెక్షను ఆ సంఘాలు తమకు కేటాయించిన ప్రాంతంలో పిల్లలు నివసించే వసతులన్నిటినీ మూడు నెలలకు ఒకసారైనా చూడాలంటుంది. బృందంలో ముగ్గురికి తక్కువ ఉండరాదు, ఒక స్త్రీ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. మొదటి వాక్యాన్ని పట్టుకున్న అధికారి తన వద్ద ఉన్న జాబితాలోని ఇళ్లకే వెళతాడు. రెండో వాక్యాన్ని పట్టుకున్న అధికారి ఘాట్ రోడ్డు మొదట్లో బండి దిగి, సాయంత్రం బడి వదిలాక పిల్లలు ఏ ఇళ్లలోకి వెళుతున్నారో చూడవలసి ఉంటుంది.